పాప ఏవియేషన్ చార్టర్ స్కూల్లో చేరతానంటోంది, పంపొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరుండేది గ్రాండ్ రాపిడ్స్ దగ్గర. పాప ఎనిమిదో తరగతి చదువుతోంది. ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న వెస్ట్ మిచిగన్ ఏవియేషన్ అకాడమీలో తొమ్మిదో తరగతికి చేరతానని పట్టుబట్టింది. మీవారిది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, పాపది దానిమీద ఆధారపడిన హెచ్‌4, గ్రీన్‌కార్డు ఇంకా క్యూలోనే ఉంది. గుంటూరు నుంచి మీ అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఆడపిల్లకి విమానాలెందుకు, చదువు పాడవుతుంది" అంటున్నారు. చార్టర్ అంటే ఫీజులు కట్టాలా, మంచి కాలేజీలు ఆ బడిని లెక్కచేస్తాయా, అసలు పంపాలా వద్దా అని మీ టెన్షన్.

నేను మిచిగన్‌లోనే పద్నాలుగేళ్లుగా ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగానికి సగం హైస్కూల్ పిల్లలే. మీరడిగిన బడితో నాకు ఉద్యోగ సంబంధం ఏదీ లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ బాగా చెబుతున్నారని మీకు నమ్మకం కుదిరితే పంపండి. విమానాలు ఉన్నాయన్న ఒక్క కారణంతో మాత్రం పంపకండి, అలాగే విమానాలు ఉన్నాయన్న భయంతో మానకండి. చదువా, విమానాలా అని మీ ఇంట్లో వాదన జరుగుతోంది కదా, ఈ దేశంలో ఎయిర్‌లైన్ పైలట్ కావడానికి దగ్గర దారి కాలేజీ మీదుగానే వెళ్తుంది. అదెలాగో కింద వివరంగా రాస్తాను.

ముందు చార్టర్ సంగతి. చార్టర్ స్కూల్ ప్రైవేటు బడి కాదండి. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే బడే, కాకపోతే ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ చేతి కింద ఉండదు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటిసారి ఇలాంటి చట్టం చేసింది, రెండేళ్లకు మిచిగన్ కూడా చేసింది. మన రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలు, కమ్యూనిటీ కాలేజీల వంటివి ఈ బడులకు అనుమతి ఇచ్చి వాటిమీద ఓ కన్నేసి ఉంచుతాయి. ఎంతమంది పిల్లలుంటే ఆ లెక్కన రాష్ట్రం డబ్బిస్తుంది. ట్యూషన్ ఫీజు ఉండదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ వస్తే లాటరీ తీయాలి, మార్కులు చూసి ఏరుకోకూడదు. హెచ్‌4 మీద ఉన్న పిల్లలు మామూలు పబ్లిక్ స్కూల్లో చదివినట్టే ఇక్కడా చదవొచ్చు. బస్సు మాత్రం ముందే అడిగి తెలుసుకోండి, చార్టర్ బడులకు బస్సు నడపాల్సిన నిర్బంధం లేదు. మీ ఇంటి నుంచి నలభై నిమిషాల దూరమైతే నాలుగేళ్లపాటు రోజూ ఎవరు దింపుతారు, ఎవరు తీసుకొస్తారు అన్నది చిన్న విషయం కాదు.

ఈ బడిని 2010లో డిక్ డివోస్ అనే ఆయన మొదలుపెట్టారు. ఆయన స్వయంగా పైలట్. జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని ఆనుకునే బడి కట్టారు, శిక్షణకు సొంత సెస్నా విమానాలున్నాయి. పైలట్ దారితో పాటు ఇంజినీరింగ్ దారి కూడా ఉంది. పెద్ద విమానాశ్రయం పక్కన ఉండటం వల్ల ఒక లాభం ఉంది, బయటివాళ్లకు అది వెంటనే తట్టదు. అక్కడ ఎయిర్‌లైన్ జెట్‌లు దిగుతుంటాయి, కంట్రోల్ టవర్ ఉంది, రాడార్‌వాళ్లు ఉన్నారు. చిన్న ఊరి రన్‌వే మీద నేర్చుకున్నవాళ్లు రేడియోలో మాట్లాడాలంటే ఏడాదైనా తడబడతారు. అక్కడ నేర్చుకునే పిల్లలకు పదహారేళ్లకే ఆ బెరుకు పోతుంది. నా దగ్గరకు వచ్చే ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు మైక్ బటన్ నొక్కి మాట మర్చిపోతుంటారు, ఆ భయం ఎంతదో నాకు తెలుసు.

అన్ని ఏవియేషన్ బడులూ ఒకటే అనుకోకండి. మీ బంధువులెవరో న్యూయార్క్‌లో ఇలాంటి బడి ఉందని చెప్పారన్నారు. క్వీన్స్‌లోని ఏవియేషన్ హైస్కూల్ అది. ప్రధానంగా విమానాల మెకానిక్‌లను తయారుచేసే పబ్లిక్ స్కూల్. జేఎఫ్‌కే విమానాశ్రయంలో వాళ్లకో హ్యాంగర్ ఉంది, బడి ముగిసేసరికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టే మెకానిక్ సర్టిఫికెట్ పరీక్షలకు సిద్ధమవుతారు. సియాటిల్ దగ్గర మ్యూజియం ఆఫ్ ఫ్లయిట్ పక్కనే రైస్‌బెక్ ఏవియేషన్ హైస్కూల్ ఉంది. అది కూడా చార్టర్ కాదు, హైలైన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. 2004లో మొదలైంది. అక్కడ మొగ్గు కాలేజీకి పంపే సైన్సు, ఇంజినీరింగ్ చదువు మీద. పేరులో ఏవియేషన్ ఒకటే, లోపల చెప్పేది వేరు. ఏ బడికి వెళ్లినా "ఇక్కడ పిల్లలకు పన్నెండో తరగతి అయ్యేసరికి చేతిలో ఏముంటుంది" అని నిలదీసి అడగండి.

చదువు నాణ్యతకు ఎవరి మాటా నమ్మక్కర్లేదు. మిచిగన్‌లో పదకొండో తరగతి పిల్లలంతా శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తారు, చార్టర్ పిల్లలు కూడా. ఆ ఫలితాలు బడివారీగా రాష్ట్రం సైట్‌లో దొరుకుతాయి. మీ పక్కనున్న పబ్లిక్ హైస్కూల్ లెక్కలూ, ఈ బడి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏపీ అనే కాలేజీ స్థాయి క్లాసులు ఎన్ని, కాలేజీ క్రెడిట్ వచ్చే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ఉందా, కాల్‌క్యులస్ దాకా చెబుతారా, ఫిజిక్స్ ఎవరు చెబుతున్నారు, ఆ టీచర్ ఎన్నేళ్లుగా ఉన్నారు. ఇవి అడగండి. చిన్న బడిలో ఒక మంచి ఫిజిక్స్ టీచర్ వెళ్లిపోతే ఆ ఏడాది ఎలా గడుస్తుందో నేను చూశాను. కాలేజీవాళ్లు చూసేది పాప ఏ సబ్జెక్టులు తీసుకుంది, అందులో ఎలా చదివింది అని. బడి పేరు తర్వాతి మాట.

ఇక ఈ బడులు నిజంగా ఏమిస్తాయో నేను కళ్లారా చూసింది చెబుతాను. జనవరి నెల, పొద్దున్నే ఎనిమిదింటికి, మైనస్ పది డిగ్రీలు. నా దగ్గర నేర్చుకుంటున్న పదహారేళ్ల అమ్మాయి సెస్నా 172 చుట్టూ తిరుగుతూ తనిఖీ చేస్తోంది. ఆ విమానానికి ఇంధనం తీసి చూసే రంధ్రాలు పదమూడుంటాయి, ఒక్కో రెక్క కింద అయిదు, ముక్కు కింద మూడు. ప్రతిదాని దగ్గరా చిన్న పారదర్శక గొట్టంలోకి కాస్త పెట్రోల్ పట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. మా పెట్రోల్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు కలిస్తే అడుగున ముత్యంలా చుక్క నిలబడుతుంది. చేతివేళ్లు కొంకర్లు పోతున్నా పదమూడూ చూసింది, ఒక్కటీ వదల్లేదు. తర్వాత నిచ్చెన ఎక్కి రెక్క మీద అరచేయి పెట్టింది. రాత్రి పేరుకున్న మంచు పొర, గరుకు కాగితంలా. కంటికి దాదాపు ఆనదు. కానీ ఆ పొర గాలి ప్రవాహాన్ని చెదరగొడుతుంది, రెక్కకు ఎత్తే బలం తగ్గిపోతుంది, మామూలుగా ఎగరాల్సిన వేగంలో విమానం కూలబడొచ్చు. ఆ రోజు ఆ అమ్మాయి మొదటిసారి దూరప్రయాణానికి వెళ్లాలి, మూడు వారాలుగా వాతావరణం కుదరక ఎదురుచూస్తోంది. వాళ్ల అమ్మానాన్నలు కంచె అవతల కారులో కూర్చుని ఉన్నారు. నిచ్చెన దిగి నా వంక చూసి "హీటెడ్ హ్యాంగర్ ఖాళీ లేదు కదా, అయితే ఈరోజు వెళ్లం" అంది. నేనేమీ చెప్పలేదు, నన్ను అడగనూ లేదు.

ఆ ఒక్క మాట అనగలగడం కోసమే నేను తల్లిదండ్రులకు ఈ చదువు సిఫారసు చేస్తాను. ఆ అమ్మాయి ఇప్పుడు విమానాలు నడపడం లేదు, నర్సింగ్ చదువుతోంది. అయినా ఆ పదమూడు రంధ్రాల అలవాటు ఎక్కడికీ పోలేదని వాళ్లమ్మ చెప్పారు, మందు డోసు లేబుల్ రెండోసారి చదవందే ముందుకు పోదట.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. ఒక్క డాలర్ ఫ్లయింగ్ మీద పెట్టకముందు మెడికల్, అంటే పైలట్‌కు కావాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి. ఎయిర్‌లైన్ పైలట్‌కు ఫస్ట్ క్లాస్ మెడికల్ కావాలి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన ఫర్వాలేదు, దానితో 20/20 చూపు వస్తే చాలు. రంగుల చూపు మాత్రం గట్టిగా పరీక్షిస్తారు, 2025 జనవరి నుంచి కొత్తగా వచ్చేవారికి కంప్యూటర్ మీదే ఆ పరీక్ష పెడుతున్నారు. మన కుటుంబాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరని సమస్య దగ్గర. ఆరో తరగతిలో టీచర్ చెప్పారని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తారు, ఏడాది మందులు వాడతారు, తర్వాత అందరూ మర్చిపోతారు. ఎఫ్‌ఏఏ మర్చిపోదు. ఆ మందులు వాడుతుండగా మెడికల్ రాదు, ఆపేశాక కూడా పాత రికార్డులు, పరీక్షలు అడుగుతారు, నెలలు పడుతుంది. అలాగని మెడికల్ కోసం పిల్లల మందులు ఆపేయకండి. పిల్ల ఆరోగ్యం ముందు, లైసెన్స్ తర్వాత. అలాంటి చరిత్ర ఏదైనా ఉంటే దరఖాస్తు నింపకముందే ఏవియేషన్ మెడికల్ ఎగ్జామినర్ దగ్గరకు సలహా కోసం మాత్రమే వెళ్లండి. ఒకసారి పరీక్ష మొదలైతే అది రికార్డులోకి ఎక్కుతుంది, వెనక్కి తీసుకోలేరు. ఏదీ దాచిపెట్టకండి. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే ఆ ఉద్యోగమే పోతుంది.

వీసా సంగతి మీరు మొహమాటపడుతూ చివర్లో అడిగారు, కానీ మీ విషయంలో అదే పెద్దది. అమెరికా పౌరులు కానివాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, విమానం నడపడం నేర్చుకునే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి. వేలిముద్రలు, ఫీజు ఉంటాయి. వచ్చిన అనుమతి ఐదేళ్లు పనిచేస్తుంది. తరగతిలో కూర్చుని చదివే పాఠాలకు అది అక్కర్లేదు, కాబట్టి బడిలో చేరడానికి ఏ అడ్డంకీ లేదు. చిక్కంతా తర్వాత వస్తుంది. హెచ్‌4 మీద పాప నేర్చుకోవచ్చు, లైసెన్స్ తెచ్చుకోవచ్చు, జీతం తీసుకోలేదు. 21 నిండితే మీ గ్రీన్‌కార్డు దరఖాస్తు కిందనుంచి జారిపోతుంది, సొంతంగా ఎఫ్‌1 విద్యార్థి వీసాకు మారాలి. ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావాల్సిన ఎగిరిన గంటలను ఎక్కువమంది పోగేసేది ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం చేస్తూనే, ఆ ఉద్యోగానికి పని అనుమతి కావాలి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవ్వాలంటే పౌరసత్వమే కావాలి. అందుకే మీలాంటి కుటుంబాలకు నా సలహా ఒకటే: పాపకు పైలట్ దారితో పాటు ఇంజినీరింగ్ దారి కూడా మొదటి రోజు నుంచే తెరిచి ఉంచండి. ఆ బడిలో ఆ రెండూ ఉండటం మీకు కలిసొచ్చే విషయం. అమెరికా కమర్షియల్ లైసెన్స్‌ను (డబ్బు తీసుకుని విమానం నడపడానికి ఇచ్చేది) మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి అక్కడి లైసెన్స్‌గా మార్చుకునే వీలు కూడా ఉంది, నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఇప్పుడు హైదరాబాద్ నుంచే ఎగురుతున్నారు. లాయర్‌తో ఒక గంట మాట్లాడండి, నేను లాయర్‌ని కాను.

ఇప్పుడు పైన చెప్పిన కాలేజీ దారి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం వల్ల 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ కావాలన్నా 1500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ విమానం నడిపిన ఇద్దరికీ అంతకన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి, గంటల లెక్కతో భద్రత వస్తుందా అన్న వాదన మాలో ఇప్పటికీ ఆగలేదు. ఏదేమైనా రూల్ రూలే. అయితే అందులో ఒక సడలింపు ఉంది. ఎఫ్‌ఏఏ గుర్తించిన విశ్వవిద్యాలయంలో ఏవియేషన్ మేజర్‌తో నాలుగేళ్ల డిగ్రీ చేస్తే 1000 గంటలు చాలు, రెండేళ్ల డిగ్రీకి 1250. మన రాష్ట్రంలో వెస్టర్న్ మిచిగన్ విశ్వవిద్యాలయం ఏవియేషన్ కాలేజీ బ్యాటిల్ క్రీక్‌లో ఉంది, మీకు గంట దూరం.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు తొందరపడి దెబ్బతింటారు. ఆ 1000 గంటల సడలింపు రావాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత), కమర్షియల్ శిక్షణ ఆ విశ్వవిద్యాలయం కోర్సులో భాగంగానే పూర్తిచేయాలి. పిల్లాడు చురుగ్గా ఉన్నాడని హైస్కూల్ అయ్యేలోపే బయట ఎక్కడో ఆ రెండూ చేయించేస్తే సడలింపు చేజారిపోతుంది, 500 గంటలు ఎక్కువ ఎగరాలి. మామూలు కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి కూడా ఈ సడలింపు రాదు. కాబట్టి పాప బడిలో ఉన్నంతకాలం సొంతానికి ఎగరడానికి ఇచ్చే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ దగ్గర ఆపండి. పదహారుకు ఒంటరిగా ఎగరొచ్చు, పదిహేడుకు ప్రైవేట్ లైసెన్స్, పద్దెనిమిదికి కమర్షియల్, ఇరవై ఒకటికి ఆ సడలింపుతో ఎయిర్‌లైన్. వయసు గీతలే అలా గీశారు, పరిగెత్తినా ముందు చేరేది ఏమీ లేదు.

డిగ్రీ ఎందుకు, 2022లో డెల్టా కూడా డిగ్రీ తప్పనిసరి కాదంది కదా అని మీవారు అడగొచ్చు. నిజమే. కానీ 2001 తర్వాత, మళ్లీ 2020లో ఎయిర్‌లైన్‌లు ఎలా కుదేలయ్యాయో నేను చూశాను. నాతో పనిచేసిన ఒకాయన అప్పట్లో ఏడాదిన్నర గోదాములో ప్యాకింగ్ చేశాడు. చేతిలో ఇంకో డిగ్రీ ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. మెడికల్ ఏ రోజైనా పోవచ్చన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

డబ్బు. చార్టర్ బడి ఉచితమే, గాల్లో ఎగరడం ఎక్కడా ఉచితం కాదు. బయట నేర్చుకుంటే ప్రైవేట్ లైసెన్స్‌కి ఇప్పుడు పదిహేను వేల డాలర్ల దాకా అవుతోంది, అన్ని రేటింగులు కలిపితే లక్ష దాటుతుంది. రూల్ ప్రకారం 40 గంటలు చాలంటారు కానీ 60, 70 గంటల లోపు అయిపోయినవాళ్లను నేను వేళ్లమీద లెక్కపెడతాను. బడిలో ఫ్లయింగ్‌కు ఎంత కట్టాలి, సహాయం ఏముంది, ఎంతమందికి నిజంగా విమానం దొరుకుతుంది అన్నది రాతపూర్వకంగా అడగండి. ఎక్కడైనా సరే మొత్తం డబ్బు ముందే కట్టకండి. నేను నేర్చుకునే రోజుల్లో డిస్కౌంట్ ఇస్తామంటే ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఎనిమిది వేల డాలర్లు ముందే కట్టాను. రెండు నెలలకు తాళం వేసేశారు. పైసా తిరిగి రాలేదు. ఎగిరిన రోజు కట్టండి, అంతే.

మీ అత్తగారికి ఏం చెప్పాలన్నది అడిగారు. గుంటూరు జిల్లా మూలాలతో హ్యూస్టన్‌లో పెరిగి, పర్డ్యూలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివిన బండ్ల శిరీష 2021 జులైలో అంతరిక్షం అంచుదాకా వెళ్లి వచ్చిందని చెప్పండి. ఆవిడకు వినగానే ఊరు గుర్తొస్తుంది. మహిళా పైలట్ల శాతంలో మన దేశం అమెరికా కన్నా ఎంతో ముందుందని కూడా చెప్పండి. ప్రమాదం గురించి అడిగితే ఏమీ జరగదని అబద్ధం చెప్పకండి. చిన్న విమానాల ప్రమాదాలు పెద్ద విమానాలకన్నా ఎక్కువే. ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, మంచి వాతావరణంలో, వద్దనుకున్న రోజు ఆగే స్వేచ్ఛ ఉన్నచోట ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అందుకే బడి చూడటానికి వెళ్లినప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "పోయిన నెలలో ఎన్ని ఫ్లయిట్లు రద్దు చేశారు, ఎందుకు?" ఈ చలికాలంలో ఒక్కటీ లేదంటే నేనైతే మా పిల్లను పంపను.

దరఖాస్తు పెట్టేలోపు చేయాల్సింది ఇంకొకటుంది. ఈఏఏ అనే చిన్న విమానాల ఔత్సాహికుల సంస్థ వాళ్లు యంగ్ ఈగిల్స్ అనే కార్యక్రమాన్ని 1992 నుంచి నడుపుతున్నారు, 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని స్వచ్ఛంద పైలట్లు ఉచితంగా ఒకసారి ఎగరేస్తారు. మిచిగన్‌లో వేసవిలో చాలాచోట్ల జరుగుతుంది. పాపను తీసుకెళ్లండి. చిన్న విమానంలో చప్పుడు, పెట్రోల్ వాసన, కుదుపులు పడక ఆ ఒక్కసారితో ఆపేసిన పిల్లలున్నారు, దిగనని ఏడ్చిన పిల్లలూ ఉన్నారు. ఎటైనా మీకు తెలిసిపోతుంది. లాటరీలో పేరు రాకపోయినా దిగులు పడకండి. ఏఓపీఏ అనే విమాన యజమానులు, పైలట్ల సంఘం ఫౌండేషన్ నాలుగేళ్ల ఏవియేషన్ పాఠాలు తయారుచేసి ఏ హైస్కూల్ అడిగినా ఉచితంగా ఇస్తోంది. మీ ఊరి బడి ప్రిన్సిపాల్‌ని కలిసి అడగండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

పాపకు కళ్లజోడు తప్ప ఆరోగ్యపరంగా ఏదైనా చరిత్ర ఉంటే ఇక్కడ అందరికీ కనబడేలా రాయకండి. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, మీ చుట్టుపక్కల ఉన్న ఎగ్జామినర్ల పేర్లు పంపిస్తాను.